పతంగుల పండక్కి మనవాళ్లకు శుభాకాంక్షలు ఎలా పంపాలి

భోగి మంట ఆరకముందే ఫోన్ మోగడం మొదలవుతుంది. ఒక ముగ్గు, రెండు పతంగులు, పక్కన చెరకు గడ, కింద బంగారు రంగు అక్షరాల్లో ‘మీకు, మీ కుటుంబ సభ్యులకు సంక్రాంతి శుభాకాంక్షలు’. మధ్యాహ్నానికల్లా అదే బొమ్మ నలుగురి దగ్గర నుంచి వస్తుంది. మనమూ దాన్నే ఇంకో నలుగురికి పంపిస్తాం. సాయంత్రానికి ఎవరు పంపారో, ఎవరికి పంపామో ఒక్కటీ గుర్తుండదు.

మా ఇల్లు హైదరాబాద్ అంబర్‌పేటలో. అమ్మానాన్నలు, నానమ్మ ఊళ్లో ఉంటారు. తమ్ముడు డాలస్‌లో, చిన్నమ్మ ఖమ్మంలో. పండక్కి అందరం ఒక్కచోట కూర్చుని తిని ఆరేళ్లయింది. చౌటుప్పల్ టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లను టీవీలో చూసి, ఊరెళ్లలేని మేమంతా పతంగులు పట్టుకుని డాబా ఎక్కుతాం. అక్కడి నుంచే మనవాళ్లను పలకరించాలి. ఆ పలకరింపు ఫలానా మనిషి కోసమే పంపినట్టు ఉండాలి. అది ఎలాగో, నేను చేస్తున్నది చేస్తున్నట్టు చెబుతాను.

ముందు క్యాలెండర్ చూసుకోండి

సంక్రాంతి ఒక ఏడాది జనవరి 14న వస్తే ఇంకో ఏడాది 15న వస్తుంది. 2024లో 15న చేసుకున్నాం, 2025లో 14న చేసుకున్నాం. సూర్యుడు మకర రాశిలోకి అడుగుపెట్టే ఘడియను బట్టి రోజు మారుతుంది. ఫోన్‌లో పాత రిమైండర్ ఉంటే దాన్ని నమ్మకండి.

మూడు రోజులు మూడు రకాలు. భోగి పిల్లలది. రేగుపళ్లు, చిల్లర డబ్బులు, చెరకు ముక్కలు, పూలరేకులు కలిపి భోగిపళ్లు పోసే ఇళ్లుంటే వాళ్లకు ఆ రోజే ఫోన్ చేయండి, బిడ్డ పేరు పెట్టి దీవించండి. సంక్రాంతి పెద్దలది. కనుమ పశువులది. ఊళ్లో గేదెలు, ఎడ్లు ఉన్న బంధువులకు శుభాకాంక్షలు కనుమ నాడు అందితే వాళ్ల సంతోషమే వేరు. మా పెద్దనాన్నకు నేను కనుమ నాడే ఫోన్ చేస్తాను. ‘ఎడ్ల కొమ్ములకు ఈసారి ఏ రంగేశారు?’ అని అడిగితే చాలు, పది నిమిషాలు ఆయనే మాట్లాడతాడు.

ఒక కాగితం తీసుకుని పేర్లు రాయండి

పండక్కి వారం ముందు ఈ పని చేయండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. ఫోన్‌లో ఉన్న నాలుగు వందల పేర్లూ అక్కర్లేదు. ఈ మనిషి పలకరించకపోతే నాకు వెలితిగా ఉంటుంది అనిపించేవాళ్లు పది పదిహేను మందే ఉంటారు. ప్రతి పేరు పక్కనా ఒక్క ముక్క రాయండి: ఈసారి వాళ్లు పండగ ఎలా చేసుకుంటున్నారు?

కూతురి పెళ్లయ్యాక మొదటి సంక్రాంతి కావచ్చు, కొత్త అల్లుడి కోసం ఇల్లంతా హడావిడిగా ఉంటుంది. ఆర్టీసీలోనో ఆసుపత్రిలోనో పనిచేసే మనిషైతే పండగ పూటా డ్యూటీ ఉంటుంది. ఇంటర్ చదివే పిల్లవాడైతే పరీక్షల టెన్షన్‌లో డాబా ఎక్కకుండా కూర్చుని ఉంటాడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే మెసేజ్ సగం రాసినట్టే.

ఈ కాగితం అలవాటు నాకు ఒక తప్పు చేశాక వచ్చింది. ఒక ఏడాది కార్తీకంలో మా బాబాయ్ పోయారు. జనవరిలో నేను వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకుని అందరికీ ఒకేసారి రంగురంగుల బొమ్మ పంపాను. అది ఖమ్మంలో ఉన్న చిన్నమ్మకూ వెళ్లింది. ఆమె ఏమీ అనలేదు. చేతులు జోడించిన గుర్తు ఒకటి తిరిగి పంపింది, అంతే. అది చూసి గాని నాకు తట్టలేదు. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా పండగ చేసుకోరు కదా. గుమ్మానికి తోరణం కట్టని ఇంటికి, పొయ్యి మీద మూకుడు పెట్టని ఇంటికి నేను ‘సంతోషాలు వెల్లివిరియాలి’ అని పంపాను.

అలాంటి ఇళ్లకు ఏమీ పంపకుండా ఊరుకోవడమూ సరికాదు. పండగ పూటే ఆ ఇంట్లో మనిషి లేని లోటు ఎక్కువ తెలుస్తుంది. శుభాకాంక్షలు అన్న మాట లేకుండా రాయండి. పతంగులు, ముగ్గుల బొమ్మలు వద్దు. ఇలా రాస్తే సరిపోతుంది:

‘చిన్నమ్మా, పొద్దున్నే నువ్వు గుర్తొచ్చావు. పతంగి ఎగరేయడం బాబాయ్ నాకు మీ డాబా మీదే నేర్పాడు. సాయంత్రం ఫోన్ చేస్తాను, మాట్లాడుకుందాం.’

ఫోన్ చేస్తాను అని రాశాక మాత్రం తప్పకుండా చేయండి.

ఆ మనిషికి మాత్రమే సరిపోయే ఒక్క వాక్యం

రాసిన మెసేజ్‌లో పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టి చూడండి. అయినా అతికిందంటే మళ్లీ రాయండి. నేను పెట్టుకున్న పరీక్ష ఇదొక్కటే.

‘మీకు, మీ కుటుంబ సభ్యులకు’ అన్న మాట ఆఫీసులో పైవాళ్లకు బాగానే ఉంటుంది. సొంత మేనత్తకు అలా రాస్తే ఆమె కుటుంబంలో మనం లేనట్టేగా! ఇంట్లో ఎలా పిలుస్తారో, నువ్వు అంటారో మీరు అంటారో, అలాగే రాయండి. నోటితో ఎప్పుడూ అనని మాట పండగ పేరు చెప్పి రాయనక్కర్లేదు.

వాక్యం తట్టకపోతే ఆ మనిషితో కలిసి చేసుకున్న ఒక పండగను గుర్తు చేసుకోండి. ఏం తిన్నారు, ఎవరు దారం చుట్టిన చరఖా పట్టుకున్నారు, ఎవరి పతంగి తెగింది. ఏదో ఒకటి దొరుకుతుంది. నేను పంపినవి కొన్ని:

‘నాన్నా, ఈ రోజు గాలి బాగుంది. చరఖా మీ మనవరాలు పట్టుకుంది. మీరు చెప్పినట్టే దారం బిగించకుండా వదులుతోంది. మీరుంటే ఇంకో రెండు పతంగులు కోసేవాళ్లం.’

‘అత్తయ్యా, సకినాల డబ్బా అందింది. మూత తీయగానే వాము వాసన మీ వంటింట్లోకి తీసుకుపోయింది. ఈసారి చుట్లు ఇంకా సన్నగా వచ్చాయి. పండగ బాగా చేసుకోండి, చేతి నొప్పి ఎలా ఉందో రాయండి.’

‘అరేయ్, పతంగులు కొననీకి గుల్జార్ హౌజ్ పోయిన. మనం బేరమాడిన దుకాణం అట్లనే ఉంది. నువ్వు లేక ఎక్కువ పెట్టి కొన్న. పండగకు దావత్ బాకీ ఉన్నవ్, యాదుంచుకో.’

మూడోది నా చిన్ననాటి స్నేహితుడికి. వాడితో నేను అట్లనే మాట్లాడతాను కాబట్టి అట్లనే రాశాను.

బైక్ మీద తిరిగేవాళ్లకు ఇంకో మాట కలపండి: ‘మెడకు మఫ్లర్ చుట్టుకో, ఫ్లైఓవర్ మీద మెల్లగా పో.’ పండగ పూట ఇలాంటి మాటలెందుకు అనుకోవద్దు. 2024 జనవరిలో లంగర్‌హౌజ్ ఫ్లైఓవర్ మీద బైక్‌పై వెళ్తున్న ఒక సైనికుడి మెడకు మాంజా, అంటే పతంగి దారం, చుట్టుకుని ప్రాణం పోయింది. మనవాళ్లు క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకోవడం కూడా శుభాకాంక్షే.

పతంగి మీద పేరు రాసి ఎగరేయండి

ఇది మా ఇంట్లో అందరికీ ఇష్టమైన పని. పేరు రాసిన పతంగి ఎగరేసి, దాని ఫోటోలు ఆ మనిషికి పంపిస్తాం.

ధూల్‌పేటలోనో, గుల్జార్ హౌజ్ దగ్గరో, మీ గల్లీ చివర దుకాణంలోనో, బొమ్మలు లేని లేతరంగు కాగితం పతంగి కొనండి. పసుపు, తెలుపు బాగుంటాయి. భోగి సాయంత్రానికి మంచివన్నీ అయిపోతాయి, రెండు మూడు రోజుల ముందే తెచ్చుకోండి. ప్లాస్టిక్ పతంగి మీద సిరా నిలవదు.

దారం కట్టకముందే పేరు రాయాలి. కింద పాత పేపర్ నాలుగు మడతలు వేసి, దాని మీద పతంగిని బల్లపరుపుగా పరచండి. దారం ఏ వైపు కడతారో ఆ వైపే రాయండి. ఎగిరేటప్పుడు ఆ ముఖమే మన వైపు తిరిగి ఉంటుంది. బాల్‌పెన్ను వాడొద్దు. మన అక్షరాలన్నీ గుండ్రటివి, మలుపు దగ్గర ముక్కు గుచ్చుకుని కాగితం చిరుగుతుంది. లావు స్కెచ్ పెన్ను తీసుకుని, చెయ్యి ఆనించకుండా, ఒక్కసారే గీయండి. రంగు చాలలేదని దాని మీదే మళ్లీ దిద్దితే కాగితం తడిసి ముడతలు పడుతుంది, గాలి తగలగానే అక్కడే చీలుతుంది. మా పాప మొదటిసారి ‘నానమ్మ’ అని రాసినప్పుడు ‘మ్మ’ దగ్గర రెండుసార్లు దిద్దింది. పతంగి డాబా గోడ దాటకముందే ఆ ఒత్తు దగ్గర నుంచి రెండు ముక్కలైంది.

పేరు మధ్య పుల్లకు రెండు వైపులా సమానంగా రావాలి. కాగితం ముక్కలు, మెరుపు చుక్కలు అతికించకండి. ఒక పక్క బరువెక్కితే పతంగి ఆ పక్కకే గిరగిర తిరుగుతుంది. వాక్యాలు కూడా వద్దు. ఒక్క పేరో పిలుపో చాలు: తాతయ్య, అక్క, బావ. పది నిమిషాలు నీడలో ఆరనిచ్చి, ఆ తర్వాత దారం కట్టండి.

మాంజా సంగతి ఇక్కడే చెప్పాలి. నైలాన్‌తో చేసిన చైనా మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా చాటుగా అమ్మేవాళ్లున్నారు. అడిగి మరీ నూలు దారమే తెచ్చుకోండి. నైలాన్ దారం తెగదు, కుళ్లిపోదు. పండగ అయిపోయాక కూడా చెట్ల కొమ్మల్లో వేలాడుతూ పిట్టల రెక్కలు కోస్తుంది. అమ్మమ్మ పేరు రాసిన పతంగికి అలాంటి దారం కడతామా?

ఫోటోలు మూడు తీయండి. పతంగి పట్టుకుని పాపో బాబో నిలబడింది ఒకటి, పేరు స్పష్టంగా చదవగలిగేలా. డాబా గోడ దాటి పైకి లేస్తున్నప్పుడు ఒకటి. బాగా పైకి పోయి చుక్కలా కనబడేటప్పుడు ఒకటి. ఆ వరసలోనే పంపండి. అంత ఎత్తులో పేరు కనబడదు కాబట్టి మొదటి ఫోటో లేకపోతే మూడోది ఎవరిదో తెలియదు. తూర్పు గాలి ఉన్న రోజు సాయంత్రం పతంగి పడమటికి పోతుంది, దాని వెనకే పొద్దు ఉంటుంది. ఆ వెలుతురుకు పలచటి కాగితం దీపం చిమ్నీలా వెలుగుతుంది, అక్షరాలు నల్లగా తేలుతాయి. జనవరిలో మనకు ఆరు గంటల ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. ఐదు, ఐదున్నర మధ్య రెండో ఫోటో తీస్తే దానికి మించింది లేదు. ఫోటో తీసేవాళ్లు వేరు, ఎగరేసేవాళ్లు వేరుగా ఉండాలి. రెండూ ఒకరే చేస్తే పిట్టగోడ ఎక్కడుందో చూసుకోరు.

పక్క డాబా వాళ్లు ‘అఫా!’ అని అరిచారంటే మన పతంగి తెగినట్టే. తెగినా దిగులు లేదు, ఆ ముచ్చట కూడా రాసి పంపండి. మా నానమ్మ ఫోటోలు చూసి ముందు అడిగేది అదే: ‘ఈసారి నన్నెవరు కోసిర్రు బిడ్డా?’

గొంతు పంపండి

చదవలేని పెద్దవాళ్లకు, కళ్లు సరిగా ఆననివాళ్లకు వాయిస్ మెసేజ్ మంచిది. చదవగలిగినవాళ్లకూ మంచిదే. డాబా మీద గాలికి వీపు పెట్టి నిలబడండి, ఫోన్ కింది భాగం చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టండి. లేకపోతే మాటలకు బదులు హోరు వినబడుతుంది. మొదట పిలవండి: ‘అమ్మమ్మా!’ అని. ఒక్క క్షణం ఆగి తర్వాత చెప్పండి. అర నిమిషం చాలు. వెనక పిల్లల కేకలు, పక్కింటి స్పీకర్ పాటలు వినబడితే తీసేయాలని చూడకండి. ఊళ్లో మంచం మీద కూర్చుని వినేవాళ్లకు మన డాబా కళ్లకు కట్టేది వాటితోనే. పిల్లలు ఏం చెప్పాలో మీరు అందించొద్దు. మా పాప ఒకసారి ‘తాతా, నా పతంగి వైరుకు తట్టుకుంది’ అని ఏడుపు గొంతుతో చెప్పింది. నాన్న ఆ మెసేజ్ ఇప్పటికీ దాచుకున్నాడు. కరెంటు తీగకు చిక్కిన పతంగిని మాత్రం అక్కడే వదిలేయండి, కర్రతో తీయబోకండి.

సముద్రాలు దాటి ఉన్నవాళ్లకు వేళ చూసి చేయాలి. జనవరిలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. ఇక్కడ పొద్దున ఏడున్నరైతే అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిది. అందుకే తమ్ముడికి వీడియో కాల్ మేం పొద్దున్నే చేస్తాం, ముగ్గు చూపిస్తాం. సాయంత్రం పతంగులెగిరే వేళకు అక్కడ ఇంకా తెల్లవారదు. వీడియో తీసి పంపితే లేవగానే చూసుకుంటాడు. న్యూయార్క్ పదిన్నర గంటలు వెనక, కాలిఫోర్నియా పదమూడున్నర. లండన్ ఐదున్నర గంటలే, మన సాయంత్రం ఐదున్నర వాళ్లకు మిట్టమధ్యాహ్నం. దుబాయ్‌తో గంటన్నరే తేడా, డాబా మీద నుంచే ఎగురుతున్న పతంగి చూపించొచ్చు. సిడ్నీ ఆ నెలలో మనకంటే ఐదున్నర గంటలు ముందు, పొద్దున చేసేయండి.

మెసేజ్ వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో పంపేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. ఫోన్ మార్చిన మేనమామకు చేరకపోవచ్చు. ముఖ్యమైన పదిహేను మందికి విడివిడిగా పంపితే ఈ బాధ లేదు.

పండగ రోజుల్లో ‘మీ పేరుతో శుభాకాంక్షలు చూడండి’ అని లింకులు తిరుగుతుంటాయి, కొన్నిసార్లు ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలే వస్తుంది. నొక్కకండి, ఇంకొకరికి పంపకండి. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా అంతే. వాళ్ల ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో పడి ఉండొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెవిన వేయండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పక్క డాబాను మరవద్దు

దూరంగా ఉన్నవాళ్లకు మెసేజ్‌లు పెడుతూ పిట్టగోడ అవతలి వాళ్లను చూడకపోవడం నాకు నచ్చదు. వాళ్లకు మెసేజ్ వద్దు, నువ్వుల ఉండలు గిన్నెలో పెట్టి ఇవ్వండి. మా పక్కింటి మరాఠీ ఆవిడ మా చేతిలో నువ్వులు, బెల్లం పెట్టి ‘తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా’ అంటుంది, నువ్వులు బెల్లం తిని తియ్యగా మాట్లాడమని. కన్నడ వాళ్లూ ‘ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి’ అని దాదాపు అదే అంటారు. పొరుగువాళ్ల భాషలో ఆ ఒక్క ముక్క నేర్చుకుని అనండి, వాళ్ల ముఖం చూడండి. పండక్కి ఊరెళ్లలేక ఆగిపోయిన వాచ్‌మన్ కుటుంబం ఉంటే వాళ్ల పిల్లలకు రెండు పతంగులు, ఒక దారం ఉండ ఇచ్చి డాబా మీదికి పిలవండి.

కనుమ రాత్రి కాగితం మళ్లీ తీయండి

వచ్చిన జవాబులన్నీ అప్పుడు కూర్చుని చదవండి. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబివ్వండి. ‘బాగున్నారా’ అని మీరడిగి, వాళ్లు మోకాలి నొప్పి గురించి నాలుగు లైన్లు రాస్తే, బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకోవద్దు. ఎవరి దగ్గర నుంచీ ఉలుకూ పలుకూ లేకపోతే మర్నాడు ఫోన్ చేయండి, ఒంట్లో బాగాలేక కావచ్చు. కాగితం పారేయకుండా వచ్చే ఏడాదికి డైరీలో పెట్టుకోండి.

ఆ తప్పు చేసిన రోజే రాసుకున్న నా మొదటి కాగితంలో చిన్నమ్మ పేరు పక్కన ‘పండగ లేదు, ఫోన్ చేయాలి’ అని ఉంది. తర్వాతి ఏడాది సంక్రాంతికి నాలుగు రోజుల ముందు చిన్నమ్మే ఫోన్ చేసింది. ‘ఈసారి మీ బాబాయ్ పేరు రాసి ఒకటి ఎగరెయ్ రా, ఫోటో పంపు’ అంది. ఆ ఏడాది నుంచి ఆమె పేరు పక్కన ఒకటే రాసుకుంటున్నాను: పసుపు పతంగి, బాబాయ్ పేరు, సాయంత్రం ఐదున్నర.